కావేరి హెల్మెట్ పెట్టుకోవాలి

నమోదు 1

నాలుగో బండి ఈ ఉదయం వెళ్ళిపోయింది. అందులో నా బడి పిల్లలు ఇద్దరు వెళ్ళారు. ఇక నా గదిలో మిగిలింది కావేరి ఒక్కతే.

పిల్లల పాత ఫైళ్ళన్నీ ముందే పంపేశారు కాబట్టి కావేరి కోసం ఈ నమోదులు కొత్తగా మొదలుపెడుతున్నాను. ఇవి తనతో పాటే వెళ్ళాలి. అక్కడ ఎవరి చేతికి వచ్చినా, ఈ పిల్లకి ఏది భయమో ఏది ఇష్టమో మొదటి రోజే తెలియాలి.

కావేరికి ఏడేళ్ళు. మాటలు రాలేదు. చెవులు మాత్రం మనకంటే ఎక్కువ వింటాయి. పక్క గదిలో గిన్నె కింద పడితే తను చెవులు మూసుకుంటుంది. తల మీద చెయ్యి వేయనివ్వదు. వాళ్ళమ్మ సమ్మక్క ఎప్పుడు జుట్టు కత్తిరించినా పిల్ల నిద్రపోయాకే. గుండ్రటి వస్తువు ఏది దొరికినా నేల మీద గిర్రున తిప్పి, చెంప నేలకు ఆనించి, అది ఆగేదాకా చూస్తుంది.

మా ఊళ్ళో పుట్టిన పిల్లలెవరూ ఎండను చూడలేదు. పైనేల మీద మనిషి మామూలు బట్టల్లో నిలబడగలిగిన కాలం మా అమ్మమ్మ చిన్నతనంతోనే అయిపోయింది. మేం పాత బొగ్గుగని అడుగున ఉంటున్నాం. పైనుంచి గాలిని చల్లబరిచి కిందికి తోసే పంకాలు రెండుండేవి. ఒకటి ఆగిపోయింది. రెండోది మూలుగుతోంది. కింది గదుల్లోకి నీళ్ళు ఊరుతున్నాయి. అందుకే ఊరంతా గుట్ట అవతల తవ్విన కొత్త ఊరికి తరలుతోంది. కావేరి తండ్రి ఓదెలు అక్కడ గదులు తవ్వడానికి ఎప్పుడో వెళ్ళాడు.

దారి మాత్రం పైనేల మీద. ఆ రేకుల బండి ప్రాణం తీసే వేడిగాలిని ఆపే రకం కాదు. ఎక్కినప్పటినుంచి దిగేదాకా అందరూ సూట్‌లో ఉండాలి, హెల్మెట్ అద్దం మూసి ఉండాలి.

తరలింపు చూసే గట్టయ్య మధ్యాహ్నం నా గదికి వచ్చాడు.

"మేడమ్, ఇగ ఆఖరి బండి ఒక్కటే ఉన్నది. ఆ పొల్ల హెల్మెట్ పెట్టుకుంటదా?"

"ఇప్పటికైతే పెట్టుకోదన్నా."

"మత్తు సూది ఇద్దామా మరి?"

"దానికి ఫిట్సున్నయి. సూదేస్తే మళ్ళ లేవకపోవచ్చని డాక్టరు పొయ్యేముందు గట్టిగ చెప్పిండు."

గట్టయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండో బండిలో ఒక పిల్లవాడు దారి మధ్యలో హెల్మెట్ తీసేసిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నది గట్టయ్యే.

"నా చేతులల్లనే పోయిండు మేడమ్. మల్ల పెడదామంటె టైమే లేకుండె. ఇంకో పిల్లను గట్ల సూడలేను. పెట్టుకోకుంటె బండెక్కనియ్య. తిట్టుకుంటె తిట్టుకోండ్రి."

"ఎక్కకుంటె ఈడ ఏమైతదో నీకు తెల్వదా?"

ఆయన పంకా చప్పుడు వింటున్నట్టు పైకి చూశాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

నమోదు 2

హెల్మెట్‌ని మొదటే నెత్తిన పెట్టడానికి చూస్తే అంతటితో అయిపోయినట్టే. అందుకని దాన్ని తెచ్చి నేల మీద పెట్టి, నేను దూరంగా కూర్చుని గోనెసంచి కుట్టుకున్నాను.

కావేరి చాలాసేపు దాని చుట్టూ తిరిగింది. తర్వాత బోర్లించి ఒక్క తోపు తోసింది. అది గుండ్రంగా తిరిగింది. ఇక భోజనానికి పిలిచినా రాలేదు.

సమ్మక్క నీళ్ళు తోడే వంతు ముగించుకుని వచ్చింది. మోకాళ్ళ దాకా బురద.

"ఆడుకుంటె ఏమొస్తది టీచరమ్మా? నెత్తిన పెట్టాలె గని."

"ఫస్టు అది దాని వస్తువు కావాలె సమ్మక్కా. మనం తెచ్చిన వస్తువు అయితే దగ్గరికి రానియ్యది."

"మనకంత టైమున్నదా?"

లేదని నాకూ తెలుసు. ఉన్నట్టే తలూపాను.

నమోదు 4

ఈ రెండు రోజులూ నేను పెట్టుకున్నాను, సమ్మక్క పెట్టుకుంది, చీపురుకట్టకు కూడా పెట్టాం. కావేరి చూస్తూ కూర్చుంది. ఈ రోజు హెల్మెట్ అంచు తన జుట్టుకు తగలనిచ్చింది. తగిలీ తగలకముందే నేను వెనక్కి తీసేశాను.

అసలు పాఠం ఇప్పుడు మొదలైంది. మాటలు లేని పిల్లకి "చాలు" అని చెప్పే దారి ఉండాలి. లేకపోతే తనకు మిగిలేది అరవడం, కొరకడం. నేను నా అరచెయ్యి చాపుతాను. తను దాని మీద రెండుసార్లు కొడితే "చాలు" అన్నట్టు. కొట్టిన క్షణంలోనే హెల్మెట్ దూరంగా పోతుంది. నేను ఏ పనిలో ఉన్నా సరే, ఇంకొక్క క్షణం ఆగితే పని అయిపోతుందనిపించినా సరే.

మొదట తన చెయ్యి నేనే పట్టుకుని కొట్టించాను. తర్వాత తనే కొట్టింది. హెల్మెట్ పోయింది. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ కొట్టింది, మళ్ళీ పోయింది. పొద్దంతా ఇదే. సమ్మక్క నుదురు పట్టుకుని కూర్చుంది. నాకు మాత్రం గుండెలో కొంచెం వెలుగు పడింది. కావేరి నన్ను పరీక్షిస్తోంది. ఈ మనిషి మాట మీద నిలబడుతుందా లేదా అని.

నమోదు 7

పెట్టుకుంది! అద్దం తెరిచే ఉంది, నిజమే. కానీ హెల్మెట్ పూర్తిగా తల మీద కూర్చుంది. కావేరి తనంతట తను రెండు చేతులతో దాన్ని పట్టుకుని, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. గోడకు తగిలితే టక్కుమని చప్పుడైంది. నవ్వింది. మళ్ళీ తగిలించింది.

సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గట్టిగా ఏడిస్తే కావేరి చెవులకు పడదు కదా.

కింది గదులు మూడు మునిగాయి. మా గది ముందున్న దారిలో కూడా చెమ్మ చేరింది. పంకా ఈ రోజు కొంతసేపు ఆగి మళ్ళీ తిరిగింది.

నమోదు 8

అంతా పోయింది.

గట్టయ్యకి ఎవరో చెప్పారు, కావేరి హెల్మెట్ పెట్టుకుంటోందని. నేను నీళ్ళు తోడే వంతుకు వెళ్ళినప్పుడు వచ్చాడు. పంకా ఎక్కువ రోజులు నడవదని మేస్త్రీలు చెప్పడంతో ఆయన కంగారులో ఉన్నాడు. సమ్మక్క వద్దంటున్నా, ఒక్కసారి చూద్దామని హెల్మెట్ పెట్టి, అద్దం దించి, లాక్ వేశాడు.

నేను దారి మలుపులో ఉండగానే అరుపు వినిపించింది. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కావేరి నేల మీద ఉంది. హెల్మెట్ తీశారు గానీ లోపలంతా వాంతి. కళ్ళు పైకి పోయాయి. ఫిట్ వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అది తగ్గేదాకా పట్టుకుని కూర్చున్నాం.

గట్టయ్య చేతి మీద, హెల్మెట్ తీసినప్పుడు తను కొరికిన పంటిగాట్లు, రక్తం. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

"చేతి మీద కొట్టింది మేడమ్," అన్నాడు. "కొడుతనే ఉన్నది. నాకేం తెలుసు, గట్ల కొడితె తియ్యమన్నట్టని."

నేను ఆయన్ని బయటికి పొమ్మని అరిచాను. ఎప్పుడూ ఎవరి మీదా అలా అరవలేదు.

నమోదు 9

కావేరి నా గది గడప తొక్కడం లేదు. హెల్మెట్ కనిపిస్తే చాలు, నుదురు గోడకేసి బాదుకుంటోంది. గోనెసంచి కప్పాను. సంచిని చూసినా బాదుకుంటోంది.

సమ్మక్క పాత చీర చింపి పేలికలు చేసుకుని వచ్చింది.

"చేతులు కట్టేద్దం. బండి ఎక్కేటప్పుడు కట్టేసి, దిగినంక విప్పుదం. ఎంతనన్న ఏడ్వనీ."

"నిన్న చూసినవ్ కద సమ్మక్కా. మూసిన అద్దం లోపల వాంతి చేసుకుంటే ఊపిరాడదు. ఫిట్టు వస్తే ఏం చేస్తం?"

"ఈడ ఉంటె మాత్రం ఊపిరాడుతదా?"

"కట్టేసినమంటె మళ్ళ మనల్ని నమ్మది. బతికినన్ని రోజులు నమ్మది."

సమ్మక్క నా ముఖంలోకి చూసింది. "నీకు నీ పాఠం ముఖ్యం టీచరమ్మా. నాకు నా బిడ్డ బతకాలె. నమ్మకున్నా మంచిదే, బతికి నన్ను నమ్మకున్నా మంచిదే."

నేను పేలికలు తీసుకుని దాచాను. ఆమె తీసుకోనిచ్చింది. ఇద్దరం బయట దారిలో గోడ పక్కన కూర్చున్నాం. మాకెదురుగా కావేరి గిన్నె మూత తిప్పుతూ, అది ఆగకముందే మళ్ళీ తిప్పుతూ ఉంది.

నమోదు 12

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. నా గదిలో కాదు, సమ్మక్క గది బయట దారిలో. గట్టయ్యను నేనే వెళ్ళి పిలిచాను.

"అన్నా, నువ్వు రోజూ వచ్చి ఆ చివర కూసో. హెల్మెట్ పెట్టుకో, అద్దం మూసుకో. నీ పని నువ్వు చేసుకో. దాని దిక్కు చూడకు."

"నన్ను చూస్తెనే భయపడుతున్నది గద."

"అందుకే రమ్మంటున్న. భయపెట్టిన మనిషి హెల్మెట్ల కూసుని ఊకెనే ఉంటడని దానికి తెల్వాలె."

ఆయన వచ్చాడు. అద్దం మూసుకుని పంపు వాల్వులు విప్పి శుభ్రం చేసుకున్నాడు. చెమటతో అద్దం లోపలంతా మంచు పట్టినట్టయింది. అయినా తీయలేదు. మొదటి రోజు కావేరి వాళ్ళమ్మ వెనకే దాక్కుంది. రెండో రోజు ఒక వాల్వు మూత దొర్లుకుంటూ కావేరి వైపు వచ్చింది. తీసుకుంది. ఈ రోజు ఆయన ముందుకు వచ్చి నిలబడి, అద్దంలో కనబడుతున్న తన ముఖాన్ని చూసుకుంది. వేలితో ఆయన అద్దం పైకెత్తింది. దించింది. ఎత్తింది. గట్టయ్య కదలకుండా కూర్చున్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

సాయంత్రం షిఫ్ట్ మారే ముందు కావేరి హెల్మెట్ తల మీద పెట్టనిచ్చింది. అద్దం తనే దించుకుంది. ఒక్క ఊపిరి తీసి వదిలేంతసేపు. నా అరచేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి. వెంటనే తీసేశాను.

నమోదు 14

ఇప్పుడు నన్ను తొలిచేస్తున్నది వేరే సంగతి. బండిలో తను "చాలు" అని కొడుతుంది. నేను తీయలేను. ఇన్నాళ్ళూ నేను నేర్పిందంతా ఆ ఒక్క చోట నన్నే వేలెత్తి చూపిస్తుంది.

"కాసేపాగు" అనేది నేర్పాలి. చెప్పి నేర్పలేను, చూపించి నేర్పాలి. పాత వర్క్‌షాపులో బోల్టులకు బిగించే పెద్ద నట్లు దొరికాయి. సూట్ చేతిగ్లవ్స్‌తో కూడా కదిలించగలిగేంత పెద్దవి. వాటిని తాడుకు గుచ్చాను. కొంతసేపయ్యాక ఒక నట్టు ఇవతలకి జరుపుతాం. అన్నీ ఇవతలకి వచ్చేస్తే హెల్మెట్ తీసేస్తాం. మధ్యలో కొడితే తాడు చూపిస్తాను, ఇంకా ఇన్ని ఉన్నాయని.

మొదట ఒక్క నట్టుతో మొదలుపెట్టాను. తర్వాత రెండు. వారం రోజులు ఇదే పని, నమోదు రాసే తీరికే దొరకలేదు. నట్టు జరపడం కావేరికి ఎంత ఇష్టమయిందంటే, అది జరిపే వంతు కోసం కళ్ళార్పకుండా ఎదురుచూస్తుంది. ఎప్పుడూ మోసం చేయలేదు. ఆఖరి నట్టు ఇవతలకి రాగానే హెల్మెట్ తీశాను, ప్రతిసారీ.

నిన్నటికి దాదాపు ప్రయాణమంతసేపూ ఉండగలిగింది. హెల్మెట్‌లో రేడియో తీసేయించాను, ఆ గరగర చప్పుడు తను భరించలేదు. గట్టయ్య బండి వేగం, దారి లెక్క చూసి నట్లు ఎన్ని కావాలో చెప్పాడు. నేను పైన ఇంకో రెండు కలిపాను.

"సరిపోతయి మేడమ్," అన్నాడు. "దుమ్ము లేవకుంటె."

నమోదు 15

పంకా ఆగింది. ఈసారి మళ్ళీ తిరగలేదు. బయలుదేరుతున్నాం. కావేరి హెల్మెట్ పెట్టుకుని తాడు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. సమ్మక్క తన హెల్మెట్ లాక్ నా చేత వేయించుకుంది.

నమోదు 16

ఇది కొత్త ఊరి నుంచి రాస్తున్నాను.

బండి గని వాలుదారి, ఇంక్లైన్, దాటి పైకి రాగానే కావేరి ఆ వెలుగుకు కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి తెరిచింది. మొదటి నట్టు జరిపింది. నేను ఒక పక్క, సమ్మక్క ఒక పక్క. మిగిలినవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. కావేరి చూపంతా తాడు మీదే. సగం దారి చాలా బాగా గడిచింది. ఒక్కసారి నా అరచేతి మీద కొట్టింది. తాడు చూపించాను. ఆగింది. నేనెంత మురిసిపోయానో చెప్పలేను.

గుట్ట మలుపులో దుమ్ము లేచింది. ఎర్రటి గోడలా వచ్చింది. బండి నెమ్మదించింది. తర్వాత పూర్తిగా ఆగింది. ముందు చక్రం దారి దిగిందని గట్టయ్య రేడియోలో చెప్పాడు. ఇద్దరు కిందికి దిగి ఎత్తుతున్నారు. కావేరి నట్లు మాత్రం ఆగలేదు. నెమ్మదిగా జరపాలని చూశాను. తనకు ఆ వ్యవధి ఒంటికి పట్టేసింది. సమయం కాగానే నా చెయ్యి తోసేసి తనే జరిపింది.

ఆఖరి నట్టు ఇవతలకి వచ్చింది.

కావేరి ముఖం ఎత్తి నా వైపు చూసింది. అరచేతి మీద రెండుసార్లు కొట్టింది. నేను తీయలేదు. మళ్ళీ కొట్టింది. ఒక నట్టు అవతలకి నెట్టాను. నా చేతులతో నేను. తను ఆ నట్టును చూసింది, నన్ను చూసింది. అద్దం వెనక నోరు తెరుచుకుంది. నాకేమీ వినబడలేదు. రెండు చేతులూ లాక్ మీదికి వెళ్ళాయి.

సమ్మక్క ఆ చేతులు పట్టుకోబోయింది.

"నువ్వు పట్టుకోకు," అన్నాను రేడియోలో. "నేను పట్టుకుంట. నువ్వు దాన్ని ఒళ్ళోకి తీసుకో, అంతే."

"ఒక్కదానివి ఆపలేవు టీచరమ్మా!"

"ఆపుత. ఆడికి పోయినంక దానికి ఒక్కరన్న మిగలాలె. అది నువ్వు కావాలె."

సమ్మక్క చేతులు వెనక్కి తీసుకుంది. నేను కావేరి మణికట్లు రెండూ పట్టుకున్నాను. ఏడేళ్ళ పిల్లకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. కాళ్ళతో నా పొట్టలో తన్నింది. తల సీటుకేసి కొట్టుకుంది. తర్వాత చేతులు గింజుకోవడం మానేసి, నా పట్టులోనే వేళ్ళతో రెండుసార్లు తట్టింది. ఆగి, రెండుసార్లు. ఆగి, రెండుసార్లు. బండి కదిలాక కూడా తడుతూనే ఉంది. ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉంది నాకు. పలకకుండా కూర్చున్నాను.

ఫిట్ రాకూడదని, వాంతి రాకూడదని, నాకు తెలిసిన ప్రతి దేవుడినీ అడిగాను. కొత్త ఊరి తలుపు మూసుకునే సమయానికి కావేరి తట్టడం మానేసింది. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

ఓదెలు పరుగెత్తుకుని వచ్చి హెల్మెట్ తీశాడు. కావేరి బతికే ఉంది. మెడంతా చెమట, పెదవులు పగిలిపోయాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. సమ్మక్క భుజంలో ముఖం దాచుకుంది. తండ్రి వీపు నిమిరితే నిమరనిచ్చింది. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఒక అడుగు ముందుకు వేసేసరికి ఒళ్ళంతా బిగదీసుకుంది.

గ్లాసు ఓదెలుకి ఇచ్చి వచ్చేశాను. తన మణికట్ల మీద నా వేళ్ళ గుర్తులు నల్లగా ఉన్నాయి.

గట్టయ్య తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. "బతికింది మేడమ్," అన్నాడు. "గంతే చాలదా?"

చాలన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నమోదు 19

కావేరికి వేరే టీచర్‌ని ఇవ్వమని ఇక్కడి పెద్దల్ని అడిగాను. ఈ పని తెలిసిన మనిషి ఇంకెవరూ లేరన్నారు. పైగా ఇక్కడ కూడా ఇలాంటి పిల్లలు ఉన్నారట. ఒకరు ఎవరి వైపూ చూడరు, ఒకరికి అక్షరం నిలవదు, ఒకరు ఒక్కచోట కూర్చోలేరు. ఇన్నాళ్ళూ వాళ్ళని పట్టించుకున్నవాళ్ళు లేరు. నాకొక గది ఇచ్చారు. సున్నం వాసన ఇంకా పోలేదు.

మొదటి రోజు సమ్మక్క కావేరిని తీసుకొచ్చింది. గుమ్మంలో నన్ను చూడగానే కావేరి అరిచి వెనక్కి పరుగెత్తింది. రెండో రోజూ అంతే.

"తీసుకరానా, వద్దా?" అని సమ్మక్క అడిగింది. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ గొడవ పడ్డ రోజు తర్వాత మా ఇద్దరి మధ్యా ఏ కోపమూ మిగల్లేదు.

"తీసుకరా. ఏడిస్తే తీసుకపో. ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

నమోదు 26

ఈ రోజు తలుపు బార్లా తెరిచి ఉంచాను. మిగిలిన పిల్లలు రేపటినుంచి వస్తారు, గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపుకి దూరంగా, అటు గోడ పక్కన నేల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో కనబడేటట్టు పెట్టుకున్నాను.

సమ్మక్క కావేరి చెయ్యి వదిలి దారిలోనే ఆగిపోయింది. కావేరి గడప దగ్గర నిలబడి నా చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను కదల్లేదు, పిలవలేదు. తర్వాత గడప లోపలికి ఒక్క అడుగు వేసి, నాకు వీపు తిప్పి, అక్కడే కూర్చుంది.

లేచి వెళ్ళిపోలేదు.